నా పేరు మస్తానమ్మ

(తెలుగు భాషా దినోత్సవం నాడు నెల్లూరులోని ఒక గ్రంథాలయంలో, రిటైరైన తెలుగు టీచర్ ఒకరు మాట్లాడినది. రికార్డింగు విని, మాటలు పెద్దగా మార్చకుండా రాశాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండి కూర్చోండి, నేను ఇంకా క్లాసులోకి వచ్చాననుకుని లేస్తున్నారు కొందరు. నన్ను పిలిచినవాళ్ళు 'తెలుగు పేర్ల అందం' మీద మాట్లాడమన్నారు, సరేనన్నాను. రెండు రోజులకు కరపత్రం వేసే అబ్బాయి ఫోన్ చేసి, "మేడం, పేరు మస్తానమ్మ అనే వేయమంటారా, లేకపోతే ఇంటిపేరుతో ఏమన్నా..." అని నసిగాడు. పాపం ఆ పిల్లాడి తప్పేం లేదు. పైన తెలుగు పేర్ల అందం అని పెద్దక్షరాల్లో వేసి కింద మస్తానమ్మ అని వేస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారో అని టెన్షన్ పడ్డాడు. ఫోన్ పెట్టేశాక అనుకున్నా, శారదల గురించీ లలితల గురించీ చెప్పేవాళ్ళు ఎటూ ఉంటారు, మనం ఈ ఒక్క పేరు పట్టుకుని కూర్చుందామని.

ముందు ఒక పని చేయండి. మీ ఇళ్ళల్లో, మీ చుట్టాల్లో మస్తాన్ అనే మాట ఉన్న పేరు ఎవరికైనా ఉంటే చేతులెత్తండి. మస్తానయ్య, మస్తాన్ రెడ్డి, మస్తాన్ రావు, మస్తాన్ బాబు, మస్తాన్ వలీ, మస్తాన్‌బీ, మస్తానీ, ఏదైనా సరే. (చేతులు లేచాయి.) చూశారా, సగం హాలు. వెనక కిటికీ దగ్గర ఆ పెద్దామె ఎత్తాలా వద్దా అని ఆలోచిస్తున్నారు, ఎత్తండమ్మా, సిగ్గెందుకు.

మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం. అక్క కామాక్షమ్మ, నేను మస్తానమ్మ, చెల్లెలు పెంచలమ్మ. ఈ మూడు పేర్లు చెబితే చాలు, నెల్లూరు వాళ్ళకు మా అమ్మ ఏయే దోవల్లో నడిచిందో తెలిసిపోతుంది. పెన్న ఒడ్డున జొన్నవాడ, వెంకటాచలం మండలంలో కసుమూరు, రాపూరు దాటి కొండల్లో పెంచలకోన. మా అమ్మకు మొదట పుట్టిన ఇద్దరూ దక్కలేదు. జొన్నవాడ బ్రహ్మోత్సవాల్లో ధ్వజారోహణం నాడు పిల్లల్లేని ఆడవాళ్ళకు కొడిముద్దలు పెడతారు, తెలుసుగా, చెంగు పట్టి ఆ ముద్ద తీసుకుని కళ్ళకద్దుకుని తిన్న ఏడాదికి అక్క పుట్టింది, కామాక్షి అని పెట్టారు. ఆ తర్వాత ఒక మగబిడ్డ పుట్టి మూడో నెలలో పోయాడు. అప్పుడు మా వీధిలో గాజులమ్మే ఒక ముస్లిం పెద్దామె, మేం జేజీ అని పిలిచేవాళ్ళం, ఆమె అమ్మను కసుమూరు మస్తాన్ వలీ దర్గాకు తీసుకుపోయింది. అమ్మ వరసగా కొన్ని గురువారాలు అక్కడ నిద్ర చేసింది. నిద్ర చేయడమంటే ఊరికే పడుకోవడం కాదు, మొక్కుకుని దర్గా ఆవరణలో ఆ రాత్రికి ఉండిపోవడం. "ఈ బిడ్డను నిలిపితే నీ పేరే పెట్టుకుంటా, ఏడో ఏట కందూరు చేస్తా" అని మాటిచ్చింది. కందూరంటే దర్గా దగ్గర పొట్టేలు కోసి వండిపెట్టే మొక్కు. అట్టా పుట్టినదాన్ని నేను.

ఇది మా ఇంటి ఒక్కదాని కథ కాదు లెండి. సూళ్ళూరుపేట వైపు పోతే చెంగమ్మలు, చెంగయ్యలు, అది చెంగాళమ్మ తల్లి చలవ. కందుకూరు వైపు మాలకొండయ్యలు, మాలకొండమ్మలు. ఆ మాలకొండ గుడి వారానికి ఒక్క శనివారమే తెరుస్తారు, ఆ ఒక్క రోజు కోసం ఆరు రోజులు కాచుకుని మొక్కుకున్న బిడ్డ పేరది. మా జిల్లాల్లో హాజరు పట్టీ చదువుతుంటే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊళ్ళు చూస్తున్నట్టే ఉండేది నాకు.

సరే, మాట సంగతికొద్దాం. నేను తెలుగు టీచర్ని, నా పేరు అర్థం నాకు చాలాకాలం తెలియదు, అది ఒప్పుకోవాలి. చిన్నప్పుడు అమ్మనడిగితే "అర్థమేందిమే, ఆయన పేరు, అంతే" అనేది. కాలేజీలో ఒకమ్మాయి, మంచిదే, కాస్త నోరు ఎక్కువ, "మస్త్ అంటే తాగినోళ్ళు, మస్తానమ్మ అంటే తాగుబోతమ్మ" అని తేల్చి చెప్పింది. రెండు రోజులు అన్నం సయించలేదు. తర్వాత తెలిసిందేమంటే ఆ అమ్మాయి చెప్పింది తప్పు కాదు, కాకపోతే సగం చెప్పి వదిలేసింది.

మస్త్ అనేది పారశీక మాట. మత్తులో ఉన్న, ఒళ్ళు తెలియని, అని అర్థం. హైదరాబాదు వైపు 'మస్తుగుంది' అంటారే, ఆ మస్తు కూడా ఇదే, వాడకంలో బాగుండటానికీ ఎక్కువకీ మారింది. ఏనుగుకు మదమెక్కితే కూడా పారశీకంలో మస్త్ అనే అంటారు, ఆ మాటనే ఇంగ్లీషువాళ్ళు మన దేశంలో విని పట్టుకుపోయి మదపుటేనుగు స్థితికి వాళ్ళ నిఘంటువుల్లో పెట్టుకున్నారు. మరి ఏనుగుకు మనవాళ్ళేమంటారు? మదించిన ఏనుగు మత్తేభం. మత్త అనే మాట సంస్కృతం. మత్త, మస్త్. పక్కపక్కన పెట్టి పలికి చూడండి.

దగ్గరగా లేవూ? ఇవి ఒక తల్లి పిల్లలే. మద్ అనే ఒకే ధాతువు, దానికి త చేరితే సంస్కృతంలో మత్త అయింది, ఇరాన్ వైపు మస్త్ అయింది. ఇదేదో నా పేరు మీద ప్రేమతో నేను అల్లింది కాదు, ఇటు ద్దలూ త్తలూ వచ్చేచోట అటు స్త రావడం ఆ రెండు భాషల మధ్య మామూలే. ఇంకో జత చెబుతా, మీ వంటింట్లోనే ఉంది. కట్టబడినది సంస్కృతంలో బద్ధం. పారశీకంలో బస్తా. మొలగొలుకుల బియ్యం బస్తా అంటామే, ఆ బస్తా. మూతి కట్టినది గనక బస్తా. బద్ధానికి బస్తా ఎట్లాగో మత్తకు మస్త్ అట్లా. మనం మత్తు అంటామే తెలుగులో, డాక్టరు ఇచ్చే మత్తు, ఆ మత్తుకూ నా పేరుకూ చుట్టరికం ఉంది. ఈ ముక్క తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆ కాలేజీ అమ్మాయి ఎక్కడుందో వెతికి పట్టుకుని చెబుదామనిపించింది. పెళ్ళయి ఎటో వెళ్ళిపోయింది.

ఇక ఆ మిగతా సగం. సూఫీలు, అంటే ముస్లింలలో భక్తి దారి పట్టినవాళ్ళు, ఈ మత్తును దేవుడి మీద ప్రేమకు వాడారు. వాళ్ళలో రెండు దారులుండేవి, బాయజీద్ బిస్తామీ లాంటివాళ్ళది ఒళ్ళు మరిచే దారి, బాగ్దాదు జునైద్ లాంటివాళ్ళది మెలకువగా ఉండే దారి. మొదటి దారిలో పడి, తిండీ బట్టా ఇల్లూ పట్టకుండా తిరిగే ఫకీరును జనం మస్తాన్ అన్నారు. పారశీకంలో ఆన్ చేరిస్తే నిజానికి బహువచనం, మత్తులో ఉన్నవాళ్ళు అని, మన దేశంలో మాత్రం ఒక్క మనిషికే వాడారు. మనం 'గారు', 'వారు' అనుకునే జాతి కదా, మనకేం ఇబ్బంది అనిపించి ఉండదు. అంటే మస్తాన్ పుట్టినప్పుడు పెట్టిన పేరు కాదు, ఊరు పెట్టిన పేరు. మద్రాసు తొండియార్‌పేటలో గుణంగుడి మస్తాన్ సాహిబ్ అని 1838లో పోయిన ఒక తమిళ సూఫీ కవి ఉన్నారు, ఆయన అసలు పేరు సుల్తాన్ అబ్దుల్ ఖాదర్. ఆయన వాలకం చూసి జనమే మస్తాన్ అన్నారు. గుంటూరు పాతపట్నంలో ఉన్న దర్గా కూడా మస్తాన్ పేరు మీదే. మన కసుమూరు మస్తాన్ వలీ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. వలీ అంటే అరబ్బీలో దగ్గరివాడు, స్నేహితుడు, దేవుడికి దగ్గరివాడన్న మాట.

నాకు ఇక్కడ ఏం గుర్తొస్తుందంటే, ఈ హాల్లో తెలుగు మీడియం చదివినవాళ్ళందరికీ కంఠతా వచ్చిన పద్యం, మందార మకరంద మాధుర్యమున దేలు. పోతన గారి ప్రహ్లాదుడు చదువు మానేసి హరి హరి అంటుంటే గురువు నీకీ బుద్ధి ఎట్లా వచ్చిందని అడుగుతాడు, అప్పుడు ఆ పిల్లాడు చెప్పే పద్యం. మందారం తేనె తాగిన తుమ్మెద ఉమ్మెత్త దగ్గరికి పోతుందా అని మొదలుపెట్టి చివర తన మనసు గురించి చెబుతూ ఏ మాట వాడాడో గుర్తుందా? ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను, చెప్పిన ప్రతిసారీ ఆ మాట దాటుకుంటూ పోయాను. చింతనామృత పానవిశేష మత్త చిత్తము. మత్త చిత్తము! హరిచింతన అనే అమృతం తాగి మత్తెక్కిన మనసు. ప్రహ్లాదుణ్ణి సూఫీల మాటలో పిలవాల్సి వస్తే మస్తాన్ అనే పిలవాలి, ఇంకో మాట లేదు. పాఠం చెబుతూ ఒకసారి ఇది తట్టి క్లాసు మధ్యలో ఆగిపోయాను, పిల్లలు మేడంకి ఏమైందో అని చూస్తున్నారు.

పారశీకం సరే, ఇది తెలుగు ఎట్లా అవుతుందని అడగొచ్చు. మస్తాన్ మన నోట్లో పడగానే మస్తాను అయింది, మన మాట అచ్చుతో ఆగాలి కదా, బస్సు, కారు, పెన్ను అన్నట్టు. మస్తాను, దానికి అమ్మ. ఉత్తునకు అచ్చు పరమైతే సంధి అన్నాడు చిన్నయ సూరి. మస్తానమ్మ. ఉత్వ సంధి. ఎనిమిదో తరగతి పిల్లలకు ఉదాహరణగా నా పేరే ఇచ్చేదాన్ని, పరీక్షలో ఒక్కడూ తప్పేవాడు కాదు. చిన్నయ సూరి తలుపు తీసి లోపలికి రమ్మన్న మాటను గుమ్మంలో నిలబెట్టి నువ్వు ఎవరివి అనడానికి మనమెవరం?

కందూరు సంగతి చెప్పాలి. ఏడో ఏట చేస్తానంది కదా అమ్మ, నాకు ఏడేళ్ళప్పుడు వానల్లేవు, పొట్టేలు కొనే డబ్బు లేదు. ఎనిమిది, తొమ్మిది, పది దాటాయి. ప్రతి ఏడూ నాకు జ్వరమొస్తే చాలు అమ్మ మొహం మాడిపోయేది, బాకీ గుర్తొచ్చేది. చివరికి పదకొండో ఏట చేశారు. తెల్లవారుజామున బండి కట్టుకుని బయల్దేరాం, పొట్టేలు మా కాళ్ళ దగ్గర, నేను దానికి అవిసాకు పెడుతూ దాన్ని దేనికి తీసుకుపోతున్నారో తెలియనట్టు నటిస్తూ కూర్చున్నా. దర్గాలో సాంబ్రాణి పొగ, మల్లెపూల చాదర్లు, కొబ్బరికాయలు కొట్టే చప్పుడు. దర్గా చూసుకునే ముజావరు నెమలీకల కట్టతో నా తల మీద మెల్లగా తట్టాడు, ఆ ఈకలు చెవి పక్కగా జారిన చల్లదనం నాకు ఇప్పటికీ తెలుస్తుంది. పేరేందమ్మా అన్నాడు. మస్తానమ్మ అన్నా. "ఈ పొద్దు నువ్వు ఎన్నో మస్తానమ్మవో" అని నవ్వి మలీదా ముద్ద చేతిలో పెట్టాడు. చదివింపులు, అంటే మా పేరున ప్రార్థన చదివించడం, అయ్యాయి. పెద్దవాళ్ళు పొయ్యిలు పెట్టుకునే పనిలో ఉన్నారు, నేను గాజుల దుకాణాలు చూసుకుంటూ ఎటో పోయాను. కాసేపటికి మా అమ్మ గొంతు, ప్రాణం పోతున్నట్టు, "మస్తానమ్మా... ఓ మస్తానమ్మా..." అని. నేను తిరిగి చూసేలోపల నా చుట్టూ పది పన్నెండు మంది ఆడవాళ్ళు తిరిగి చూశారు. ఒకామె నామాలు పెట్టుకున్న ముసలామె, ఒకామె బురఖా వేసుకున్నామె, ఒకమ్మాయి చంకలో బిడ్డతో, ఇంకొకామె చేపల బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్నామె. అందరూ "ఆ?" అన్నారు. మా అమ్మ అట్టాగే నిలబడిపోయింది, ఏడవాల్నో నవ్వాల్నో తెలియక.

ఇట్లాంటి పేర్లు మన వైపు ఇంకా ఉన్నాయి. తమిళనాడు నాగూరు దర్గాకు మొక్కుకుంటే నాగూరయ్య, నాగూరమ్మ. దస్తగిరి అంటే చేయి పట్టుకునేవాడు, ఆ బిరుదున్న పీరు పేర దస్తగిరమ్మ. పీర్ల పండక్కి మొక్కుకున్న హుస్సేనమ్మ. నల్గొండ వైపు జాన్‌పహాడ్ సైదులు పేరున సైదమ్మలు. ఫకీరమ్మ అయితే వేరే కథ, బిడ్డ దక్కకపోతే ఫకీరుకు ఇచ్చేసినట్టు ఇచ్చి తిరిగి అడుక్కుని తెచ్చుకున్నట్టు. మన పెంటమ్మ, బిచ్చమ్మ ఎట్లాగో అట్లా. ఇక స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ ఉండనే ఉంది. సంతాన రొట్టె కోసం చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డ ఆడపిల్లను ఎవరూ నీది ఏ మతం అని అడగరు, నీకు ఏ రొట్టె కావాలి అని అడుగుతారు, కోరిక తీరినవాళ్ళు ఇస్తారు, కోరుకునేవాళ్ళు తీసుకుంటారు.

మరీ తీపి కబుర్లు చెబుతున్నాననుకోకండి. ఈ పేరుతో పడ్డ తిప్పలు కూడా ఉన్నాయి. మొదటిసారి ఉద్యోగమొచ్చి వేరే ఊళ్ళో అద్దెకు ఇల్లు చూసుకున్నా, ఊరు పేరొద్దు. ఇంటామె నా బొట్టూ పూలూ చూసి సంతోషంగా బయానా తీసుకుంది. మర్నాడు రసీదు రాయడానికి పేరడిగింది. చెప్పాను. పెన్ను అక్కడే ఆగింది. "మా ఇంట్లో పూజలు ఎక్కువమ్మా" అని బయానా తిరిగి చేతిలో పెట్టింది. నేను అప్పుడు మా అమ్మ పేరు చెప్పాలి, మా నాయన పేరు చెప్పాలి, మా అక్క పేరు కామాక్షి అని చెప్పాలి, అన్నీ నోటిదాకా వచ్చాయి, చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే నిజంగా ముస్లిం అయిన ఆడపిల్లకు ఇల్లు ఇవ్వకపోవడం న్యాయమే అని ఒప్పుకున్నట్టవుతుంది. ఆ తెలివి అప్పుడు నాకు ఇంత స్పష్టంగా లేదు లెండి, కోపం మాత్రమే ఉంది. ఆ రాత్రి ఇంటికొచ్చి పేరు మార్చుకుంటా, మానస అని పెట్టుకుంటా, గెజిట్లో వేయిస్తా అని ఎగిరాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే "అట్టా అనబాకమే. ఇచ్చినాక వెనక్కి తీసుకునేదానికి అదేమన్నా చీరా?" అంది.

ఇంకొక తిప్ప అందరికీ తెలిసిందే, స్పెల్లింగు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంగ్లీషులో టీ మాత్రమే ఉంది, ఆధార్లో టీ పక్కన హెచ్ చేరింది, పెన్షన్ కాగితాల్లో చివరి ఏ ఎగిరిపోయింది. ముగ్గురు మస్తానమ్మలూ ఒక్కరేనని అఫిడవిట్ రాయించుకుని ఒక బ్యాంకు చుట్టూ నాలుగు నెలలు తిరిగా. కౌంటర్లో పిల్లాడు కంప్యూటర్లోకి చూస్తూ "మేడం, హెచ్ ఉన్న మీరు వేరు, లేని మీరు వేరు" అన్నాడు, ఏదో అద్వైతం చెబుతున్నట్టు.

ఇప్పుడు ఈ పేరు పెట్టేవాళ్ళు తగ్గిపోయారు. మగపిల్లలకు ఇంకా మస్తాన్ బాబు అనీ అదనీ తగిలిస్తున్నారు. మన సంగం మండలం గాంధీజనసంఘం కుర్రాడు మల్లి మస్తాన్ బాబు ఉన్నాడు కదా, 2006లో ఏడు ఖండాల్లో ఎత్తైన కొండలన్నీ 172 రోజుల్లో ఎక్కినవాడు, 2015లో ఆండీస్ కొండల్లోనే ప్రాణం వదిలినవాడు. ఆ పిల్లాడి గురించి పేపర్లో చదివినప్పుడల్లా నా పేరు కూడా కాస్త ఎత్తు పెరిగినట్టుండేది. ఆడపిల్లలకు మాత్రం మస్తానమ్మ పోయి మస్తానీ వచ్చింది, బాజీరావు పీష్వా భార్య పేరది, ధాతువు అదే, అందుకని నాకు కోపం లేదు. తర్వాత అదీ పోయింది. మా మనవరాలికి కంప్యూటర్లో వెతికి ఒక పేరు పెట్టారు, చాలా బాగుంటుంది పలకడానికి, అర్థమేందని అడిగితే మా అబ్బాయి ఒకటి చెబుతాడు, కోడలు ఒకటి చెబుతుంది, నేను నిఘంటువులన్నీ తిరగేశాను, ఏదీ దొరకలేదు. పిల్ల మాత్రం బంగారం. నేను వాళ్ళతో వాదం పెట్టుకోలేదు, వాళ్ళకు మొక్కుకోవాల్సిన అవసరం రాలేదు, మంచి ఆసుపత్రుల్లో పిల్లలు నిక్షేపంగా పుట్టి బతుకుతున్నారు, అంతకంటే ఏం కావాలి. మా అమ్మకు ఆ అదృష్టం ఉండి ఉంటే నేనూ మానసనే అయ్యేదాన్నేమో.

అమ్మ పోయి ఆరేళ్ళయింది. చివరి నెలల్లో మనుషుల్ని గుర్తుపట్టేది కాదు. అక్కను పట్టుకుని ఎవరమ్మా నువ్వు అనేది. రాత్రుళ్ళు మాత్రం మంచం మీంచి "మస్తానూ... మస్తానూ..." అని పిలిచేది. నన్నూ చిన్నప్పుడు అట్టాగే పిలిచేది, కసుమూరు వైపు తిరిగి దణ్ణం పెట్టుకునేటప్పుడూ అట్టాగే అనేది. పిలిచేది నన్నో, ఆయన్నో నాకు తెలియలేదు. నేను లేచి పోయి "ఉన్నానమ్మా" అనేదాన్ని. ఆ మాట వినగానే పడుకునేది.

కిటికీ దగ్గర పెద్దామె మళ్ళీ చేయెత్తుతున్నారు. మైకు ఒకసారి ఆమెకివ్వు నాయనా.